నీడలో పుట్టిన పచ్చిక ఎండలో ఎన్నాళ్లు?

ఆర్టిఫిషియల్ గ్రాస్ కొనబోయేవాళ్లవి రెండే ప్రశ్నలు. చదరపు అడుగు ఎంత? ఎన్నేళ్లు వస్తుంది? అబిడ్స్‌లో అడిగినా, నాంపల్లిలో అడిగినా, పక్కనున్న బేగంబజార్‌లో అడిగినా మొదటిదానికి జవాబు అంకెల్లో వస్తుంది. గట్టిగా బేరమాడితే నాలుగు రూపాయలు తగ్గుతుంది కూడా. రెండోదానికి జవాబు మాటల్లో వస్తుంది. "పాంచ్ సాల్ ఆరామ్ సే చల్తా సాబ్" అంటాడు దుకాణదారు. కంపెనీ కరపత్రం ఎనిమిది నుంచి పదేళ్లు అంటుంది. విదేశీ కంపెనీల ప్రకటనలు పదిహేను, ఇరవై దాకా పోతాయి. ఎదురింటి మిద్దె మీద పరిపించుకున్నాయన మాత్రం రెండో వేసవికే పొడిపొడిగా రాలిపోయిందంటాడు.

వీళ్లలో ఎవరూ అబద్ధం ఆడుతూ ఉండకపోవచ్చు. ఒకరు చెప్పేది నీడలో పరిచిన మ్యాటు సంగతి, ఇంకొకరిది నడినెత్తిన ఎండ పడే మిద్దె సంగతి. ఒకరిది చలిదేశపు లెక్క, ఇంకొకరిది హైదరాబాద్ లెక్క. సరుకు కూడా ఒకటి కాదు. పది ఎంఎం ఎత్తు చౌక మ్యాటునూ, నలభై ఎంఎం ఎత్తు మంచి రకాన్నీ ఒకే పేరుతో పిలుస్తున్నాం. కాబట్టి "ఎన్నేళ్లు" అన్న ప్రశ్నను విడగొట్టి చూడాలి. ఏ దారం, ఏ వెనక పొర, ఎంత ఎండ, ఎంత తొక్కుడు, ఎలా పరిచారు? ఈ అయిదూ తేలితే ఏళ్ల లెక్క దాదాపుగా దానంతటదే తేలుతుంది.

పుట్టింది పైకప్పు కింద

ఈ సరుకు చరిత్రలోనే మన ప్రశ్నకు సగం జవాబుంది. 1960ల్లో అమెరికాలో మోన్‌శాంటో కంపెనీ నైలాన్ దారంతో కృత్రిమ పచ్చికను తయారుచేసి దానికి కెమ్‌గ్రాస్ అని పేరు పెట్టింది. 1964లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలో ఒక బడి ఆటస్థలంలో దాన్ని పరిచారు. ప్రపంచానికి తెలిసింది మాత్రం హ్యూస్టన్ నగరంలోని ఆస్ట్రోడోమ్ వల్ల. 1965లో తెరిచిన ఆ స్టేడియానికి పూర్తిగా పైకప్పు ఉంది. వెలుతురు రావడానికి పారదర్శకమైన పలకలు పెట్టి, కింద బెర్ముడా జాతి గడ్డి వేశారు. అది మన గరికకు దగ్గరి చుట్టమే. తీరా ఆట మొదలయ్యాక పైకి లేచిన బంతి ఆ పలకల మిరుమిట్లలో ఆటగాళ్లకు కనపడలేదు. పలకలకు రంగు పూశారు. ఎండ ఆగిపోయింది, గడ్డి చచ్చిపోయింది. 1966లో దాని స్థానంలో కెమ్‌గ్రాస్ పరిచారు. అప్పటినుంచే దానికి ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు స్థిరపడింది.

అంటే ఈ సరుకు పేరు తెచ్చుకున్నది ఎండ పడని చోట, గడ్డి బతకని చోట. దాన్ని మనం తీసుకొచ్చి ఎండ ఎక్కువగా పడే చోట పరుస్తున్నాం. మన్నిక గొడవంతా ఇక్కడే మొదలవుతుంది.

తర్వాత అది ఆటల్లో పాతుకుపోయింది. 1975లో కౌలాలంపూర్‌లో భారత్ హాకీ ప్రపంచకప్పు గెలిచింది మామూలు గడ్డి మీద. మరుసటి ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని కృత్రిమ టర్ఫ్ మీద ఆడించారు, మనం ఏడో స్థానంలో మిగిలాం. ఇవాళ హైదరాబాద్‌లో గంటకింత అని అద్దెకిచ్చే బాక్స్ క్రికెట్ గ్రౌండ్లన్నీ అదే వంశానివి. అయితే ఆటస్థలాల లెక్కను ఇంటి తోటకు అతికించకూడదు. ఆటస్థలం ఎనిమిది, పదేళ్లకే మార్చాల్సి వస్తోందంటే కారణం ముఖ్యంగా బూట్ల రాపిడి. ఇంట్లో బూట్లుండవు. ఇక్కడ ప్రధాన శత్రువు సూర్యుడే.

దారంలోనే ఉంది తేడా

మ్యాటును చేతిలోకి తీసుకుంటే పైన కనిపించే ఆకు మూడు రకాల ప్లాస్టిక్కుల్లో ఏదో ఒకటి. నైలాన్ గట్టిది, తొక్కినా లేచి నిలబడుతుంది, కానీ ఖరీదెక్కువ. ఇళ్లకు అమ్మేవాటిలో అది అరుదు. పాలీప్రొపిలీన్ చౌక, ముట్టుకుంటే గరుగ్గా ఉంటుంది. పాలీఎథిలీన్ మెత్తగా, కాస్త మైనం పూసినట్టు ఉంటుంది, ధర మధ్యస్థం. మంచి ఇంటి రకాల్లో పొడుగు ఆకులు పాలీఎథిలీన్‌తోనూ, వాటి మొదట్లో గోధుమరంగులో ముడతలు ముడతలుగా ఉండే ఎండుగడ్డి లాంటి పోగులు పాలీప్రొపిలీన్‌తోనూ చేస్తారు.

చౌకదానికీ మంచిదానికీ మధ్య తేడా ఎండలో ఎలా బయటపడుతుంది? ప్లాస్టిక్ అంటే పొడవాటి అణువుల గొలుసులు. ఎండలోని అతినీల కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి ఆ గొలుసులను తెంపుతాయి. పాలీప్రొపిలీన్ గొలుసులో ప్రతి రెండో కార్బన్ దగ్గరా ఒక బలహీనమైన చోటు ఉంటుంది. అందుకే అది ముందు తెగుతుంది. గొలుసులు చిన్నవైతే దారం పెళుసవుతుంది. ముందు రంగు వెలుస్తుంది, తర్వాత అరచేత్తో రుద్దితే పచ్చపొడి అంటుకుంటుంది, ఆ పైన చీపురు వేస్తే ఆకులే ఊడొస్తాయి.

దీన్ని ఆపడానికి తయారీలోనే యూవీ స్టెబిలైజర్లు కలుపుతారు. తెగడం మొదలైన చోట పుట్టే రసాయన చురుకును పట్టి అణిచేయడం వాటి పని. ఎంత కలిపారన్నది కంటికి కనపడదు, వేలికి తెలియదు. కొత్తలో చౌక మ్యాటూ మంచి మ్యాటూ ఒకేలా నిగనిగలాడతాయి. మార్కెట్లో మోసమంటూ జరిగితే జరిగేది ఇక్కడే. కంపెనీలు దారాన్ని అతినీల దీపాల పెట్టెలో వేల గంటలు ఉంచి, రంగు ఎంత వెలిసింది, బలం ఎంత మిగిలింది అని పరీక్షిస్తాయి. ఆ పరీక్ష చేయించిన సరుకైతే కాగితం ఉంటుంది. కాగితం లేకుండా "యూవీ ప్రూఫ్" అన్న మాటకు విలువ లేదు. ఎండకు పూర్తిగా చెక్కుచెదరని ప్లాస్టిక్ అంటూ లేదు.

కరపత్రాల్లో కనిపించే డీటెక్స్ అన్న అంకె కూడా పనికొచ్చేదే. పది వేల మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతుందో అది చెబుతుంది. అంకె పెద్దదైతే దారం లావు. లావుపాటి దారంలో ఎండ దెబ్బ లోపలిదాకా చేరడానికి ఎక్కువ కాలం పడుతుంది. ఎత్తు మాత్రం మన్నికకు కొలత కాదు. 35, 40, 50 ఎంఎం అంటూ ఎత్తు పెంచి అమ్మే మ్యాటు, కుట్లు పలుచగా ఉంటే, మొదటి నెలలోనే పడుకుంటుంది. పొట్టిగా ఒత్తుగా ఉన్నదే ఎక్కువ కాలం నిలబడుతుంది.

వెనక్కి తిప్పి చూడండి

మ్యాటును ముందువైపు చూసి కొంటాం. దాని ఆయుష్షు తెలియాలంటే మాత్రం వెనక్కి తిప్పాలి. వెనక నల్లగా ఒక అల్లిక పొర ఉంటుంది. దానిలోంచి కుట్టు మిషన్ దారాలను పైకి లాగుతుంది. ఆ కుట్లు ఊడకుండా వెనక రబ్బరు జిగురు పూస్తారు. చాలావాటికి పూసేది లాటెక్స్, ఖరీదైనవాటికి పాలీయూరెథేన్. నీళ్లు దిగడానికి ఆ పూతలో చిల్లులు పొడుస్తారు.

ఇప్పుడు ఒక స్కేలు తీసుకుని, ఒక వరుస వెంట పది సెంటీమీటర్లలో ఎన్ని కుట్లున్నాయో లెక్కపెట్టండి. పదహారు ఉన్నాయనుకోండి. తర్వాత అడ్డంగా పది సెంటీమీటర్లలో ఎన్ని వరుసలున్నాయో చూడండి. మామూలు ఇంటి రకాల్లో వరుసకూ వరుసకూ మధ్య ఎడం అంగుళంలో ఎనిమిదో వంతులు మూడు, అంటే పది సెంటీమీటర్లకు పదిన్నర వరుసలు. ఈ లెక్కన చదరపు మీటరుకు 16,800 కుట్లు. ఇది గౌరవనీయమైన సంఖ్య. పది సెంటీమీటర్లలో పదీ పదకొండు కుట్లే కనిపిస్తే అది ఫంక్షన్ హాల్ సరుకు, ఇంటి తోట సరుకు కాదు. ఒక కుచ్చును గట్టిగా పట్టి లాగి చూడటం రెండో పరీక్ష. ఊడి చేతిలోకొస్తే జిగురు బలహీనమని అర్థం.

ఈ వెనక పొర సంగతి కొన్నవాళ్లు తరచూ మరిచిపోతారు. లాటెక్స్ పొడిగా ఉన్నంతకాలం బాగానే ఉంటుంది. కింద నీళ్లు నిలిచి, పైన ఎండ కాస్తే, ఆ ఉడుకులో కొన్నేళ్లకు గట్టిపడి పెచ్చులుగా రాలుతుంది. అప్పుడు పైన ఆకు పచ్చగా ఉన్నా కుచ్చులు ఊడిపోతాయి. మిద్దె మీద "పైన బాగానే ఉంది కానీ ఊడిపోతోంది" అని వినిపించే ఫిర్యాదుకు మూలం చాలాసార్లు ఇదే.

హైదరాబాద్ ఎండ లెక్క

హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏటా రెండుసార్లు, మే 9 ప్రాంతంలోనూ ఆగస్టు 3 ప్రాంతంలోనూ, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా మన నడినెత్తిన ఉంటాడు. నిలువుగా నిలబెట్టిన కర్రకు ఆ నిమిషాన నీడే పడదు. ఆగస్టులో మబ్బులు కాస్త కాపాడతాయి. మేలో కాపాడేవి ఉండవు. 1966 జూన్ 2న ఈ నగరంలో 45.5 డిగ్రీలు నమోదయ్యాయి. మామూలు వేసవిలోనే నలభై దాటడం మనకు కొత్త కాదు.

ఏడాది మొత్తం మీద చదరపు మీటరు నేలకు అందే సౌరశక్తి హైదరాబాద్‌లో సుమారు 1,900 యూనిట్లు. లండన్‌లో అది సుమారు 1,000. ఐరోపా కంపెనీ తన ఎండలో పదేళ్లు వస్తుందని నిజాయతీగా చెప్పిన మ్యాటు కూడా ఒక్క వెలుతురు లెక్కలోనే ఇక్కడ అయిదారేళ్లకు దిగుతుంది. పైగా వేడి ఉంది. వేడి పెరిగేకొద్దీ ప్లాస్టిక్‌ను తినే రసాయన చర్య వేగం పెరుగుతుంది. విదేశీ కరపత్రంలోని అంకెను సగం చేసుకోమని నేను చెప్పేది అందుకే.

మ్యాటు ఎంత వేడెక్కుతుందో అమెరికాలోని బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం వాళ్లు 2002లో కొలిచారు. పగటి సగటున మామూలు గడ్డి 26 డిగ్రీల దగ్గర ఉంటే, కృత్రిమ టర్ఫ్ 47 డిగ్రీల దగ్గర ఉంది. తారురోడ్డు కంటే కూడా అదే వేడి. 79 డిగ్రీలకు చేరినప్పుడు నీళ్లు పోసి చల్లార్చారు. 29కి దిగింది. అయిదు నిమిషాలకు మళ్లీ 49, ఇరవై నిమిషాలకు 73. సాయంత్రం పిల్లలు ఆడుకుంటారని మధ్యాహ్నం నీళ్లు కొట్టే అలవాటు వల్ల ఒరిగేది ఎంతో దీన్నిబట్టే తెలుస్తుంది. నిజం గడ్డి తన ఒంట్లోని నీటిని ఆవిరి చేసుకుంటూ చల్లగా ఉంటుంది. ప్లాస్టిక్‌కు ఆ విద్య లేదు.

మన వీధుల్లో మూడు చోట్లు

అబిడ్స్, నాంపల్లి ప్రాంతాల్లో ఇంటి తోట అంటే జూబ్లీహిల్స్ బంగళా ముందున్న లాన్ కాదు. చిరాగ్ అలీ లేన్, గన్‌ఫౌండ్రీ, రెడ్‌హిల్స్, బజార్‌ఘాట్ వంటి చోట్ల ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఇక్కడ తోటకు దొరికే జాగా మూడు రకాలు.

మొదటిది బాల్కనీ. ఎదుటి భవనం నీడ పడుతుంది, ఎండ రోజుకు ఒకటి రెండు గంటలు, అదీ వాలుగా. గడ్డి బతకని చోటు ఇదే. ఆస్ట్రోడోమ్ కష్టమే ఇక్కడిదీ. కృత్రిమ పచ్చిక ఇక్కడే నిజంగా పనికొస్తుంది, ఇక్కడే ఎక్కువకాలం బతుకుతుంది. మధ్యరకం పాలీఎథిలీన్ మ్యాటు వేసుకుంటే ఎనిమిది, పదేళ్లు రంగు నిలవడం కష్టమేమీ కాదు. ఇక్కడ పాడుచేసేది ఎండ కాదు, తడి. వానజల్లు, కుండీల నీళ్లు, దుమ్ము కలిసి కింద బురదగా మారి వాసన కొడుతుంది. నెలకోసారి మ్యాటును చుట్టి, నేల కడిగి ఆరబెడితే చాలు. అందుకే బాల్కనీలో జిగురుతో అతికించకూడదు.

రెండోది మిద్దె. తెల్లారింది మొదలు పొద్దుగుంకేదాకా ఎండ. కింద కాంక్రీటు కాగుతుంది, పైన మ్యాటు కాగుతుంది. సంక్రాంతికి గాలిపటాల జనం, వేసవి రాత్రుళ్లు మంచాల కాళ్లు. ఇక్కడ పది ఎంఎం చౌక పాలీప్రొపిలీన్ మ్యాటు ఒకటి, రెండు వేసవులు దాటడం అరుదు. మామూలు 25, 35 ఎంఎం రకం మూడు నుంచి అయిదేళ్లు. ఎండ పరీక్ష కాగితం ఉన్న ఒత్తయిన రకం, సరిగ్గా పరిస్తే, ఏడెనిమిదేళ్లు లాగొచ్చు. పదేళ్లు అంటే నమ్మకండి.

మిద్దె మీద ఇంకో ప్రమాదం ఉంది. వాలు సరిగా లేనిచోట వాన నీళ్లు మ్యాటు కింద నిలుస్తాయి. ఏటా నగరానికి పడే సుమారు 800 మిల్లీమీటర్ల వానలో అధికభాగం జూన్, అక్టోబరు మధ్యే పడుతుంది. ఆ నెలల్లో మ్యాటు కింద స్లాబు ఆరదు. మ్యాటు చెడటం ఒక నష్టమైతే, స్లాబు చెమ్మ పట్టడం పదింతల నష్టం. కింద చిల్లుల ప్లాస్టిక్ పలకలు వేసి, నీళ్లు డ్రెయిన్ పైపు వైపు పోయేలా చూసుకోవాలి. అవి వేసినా మూలల్లో నీళ్లు నిలిస్తే దోమలు గుడ్లు పెడతాయి.

మూడోది పాతకాలపు ఇళ్ల వాకిలి. నాంపల్లి లోపలి గల్లీల్లో ఇంకా కొన్ని మిగిలాయి. మట్టినేల ఉంటుంది, వేపో జామో ఉంటుంది, ఎండ నాలుగైదు గంటలు పడుతుంది. ఇక్కడ నేల మీద నేరుగా మ్యాటు పరిచేవాళ్లే ఎక్కువ. ఆర్నెల్లలో కింద మట్టి కుంగి ఎగుడుదిగుడవుతుంది, కలుపు చిల్లుల్లోంచి తలెత్తుతుంది. సరైన పద్ధతి వేరు. మూడు నాలుగు అంగుళాలు తవ్వి, కంకర పరిచి, రాతిపొడి చల్లి, తడిపి దిమ్మిస కొట్టి, దాని మీద కలుపు రాని గుడ్డ వేసి, అప్పుడు మ్యాటు పరచాలి. ఈ పని ఖర్చు మ్యాటు ఖర్చుకు దీటుగా ఉంటుంది. చేయకపోతే మ్యాటు ఎంత మంచిదైనా పాడవుతుంది. ఇంత చేసే బదులు అక్కడ నిజం గడ్డే వేయొచ్చు కదా అన్న ప్రశ్నకు తర్వాత వద్దాం.

నాలుగో వాడకం ఒకటుంది కానీ దాన్ని తోటగా లెక్కించలేం. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ జరుగుతుంది. అలాంటిచోట స్టాలు ముందు పరిచే పచ్చమ్యాటు 46 రోజులు నిలిస్తే చాలు. పెళ్లి వేదికకైతే ఒక్కరాత్రి. ఈ అవసరానికి తయారైన సరుకునే తక్కువ ధరకు దొరికిందని ఇంటి మిద్దెకు తెచ్చుకుంటే తప్పు సరుకుది కాదు.

ఎండ కాక మిగతా శత్రువులు

కుండీలు. ఒకేచోట ఏడాదిపాటు పెట్టిన కుండీ కింద ఆకు మళ్లీ లేవదు. చుట్టూ రంగు వెలిసి, కుండీ కింద మాత్రం కొత్తలోని ముదురాకుపచ్చ గుండ్రంగా మిగులుతుంది. ఎంత రంగు పోయిందో కళ్లకు కట్టేది ఆ మచ్చే. కుర్చీకాళ్లు, ఇనప మంచాలు కూడా ఇదే పని చేస్తాయి. రెండు నెలలకోసారి జాగా మార్చడమే మందు.

పావురాలు. మొజంజాహీ మార్కెట్ పరిసరాల్లో వాటి సంగతి చెప్పనక్కర్లేదు. రెట్ట ఎండి ఆకుల మొదట్లో పేరుకుంటే అక్కడ నీళ్లు దిగవు. ఎండకముందే కడగాలి. పెంపుడు కుక్క ఉన్న ఇళ్లలో మూత్రం ఆకును పెద్దగా పాడుచేయదు కానీ కింద చేరి వేసవిలో దాని వాసన ఇల్లంతా తెలుస్తుంది.

నిప్పు. పాలీఎథిలీన్ 110 నుంచి 130 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. దీపావళి కాకరపువ్వొత్తి నుంచి రాలిన ఒక్క రవ్వ చాలు, రూపాయి బిళ్లంత నల్లమచ్చ పడటానికి. ఆ మచ్చ పోదు. ఆ ముక్క కోసి కొత్తది అతికించాల్సిందే. దీపావళినాడు మ్యాటును చుట్టి పక్కన పెట్టడం తేలిక. ఇది కాలే సరుకని గుర్తుంచుకుని మెట్ల దారిలో మాత్రం పరచకండి.

అద్దాలు. ఎదుటి భవనానికి కొత్తగా అద్దాల గోడ కడితే, అక్కడినుంచి తిరిగొచ్చే ఎండ ఒకేచోట కేంద్రీకృతమైతే ఆకులు మెత్తబడి ముడుచుకుపోతాయి. మిద్దెమీద ఒక చార మాత్రమే మాడిపోయిందంటే ముందు ఎదురుగా చూడాలి.

అంచులు, అతుకులు. రోలు వెడల్పు సాధారణంగా ఆరున్నర అడుగులు. జాగా అంతకంటే వెడల్పుంటే అతుకు తప్పదు. మ్యాటు చిరగడం మొదలయ్యేది మధ్యలో కాదు, ఈ అతుకుల దగ్గరే. ఆకులన్నీ ఒకే దిక్కుకు వాలేలా రెండు ముక్కలనూ పరిచి, కింద టేపు వేసి, జిగురుతో అతికించాలి. పనివాడు టేపు లేకుండా మేకులు కొట్టి పోతే ఆ పని ఏడాదికే బయటపడుతుంది.

సన్నటి సిలికా ఇసుకను ఆకుల మధ్య చల్లడం చాలామంది అనవసరమనుకుంటారు. నిజానికి ఆ ఇసుక మ్యాటును బరువుతో పట్టి ఉంచుతుంది, ఆకులను నిలబెడుతుంది, కుట్ల మొదళ్లకు ఎండ తగలకుండా కప్పుతుంది. మిద్దెకు బరువు లెక్క చూసుకుని పలుచగా చల్లాలి. ఆకులను వాలుకు ఎదురుదిక్కుగా మెత్తటి బ్రష్షుతో అప్పుడప్పుడూ దువ్వాలి. తీగబ్రష్షు, వేడినీళ్లు, యాసిడ్ పనికిరావు.

వారంటీ చదవడం

మ్యాటు మూడు రకాలుగా చస్తుంది. రంగు పోతుంది, పడుకుంటుంది, ఊడిపోతుంది. చాలా వారంటీలు పట్టించుకునేది మొదటిదాన్నీ మూడోదాన్నీ. తొక్కుడుకు పడుకోవడాన్ని అవి "మామూలు అరుగుదల" కింద తోసేస్తాయి. అద్దాల ఎండ, నిప్పు, తప్పుగా పరచడం వారంటీలోకి రావు. వారంటీ వర్తించినచోట కూడా ఏళ్లు గడిచేకొద్దీ చెల్లించే వాటా తగ్గుతూ పోతుంది, కూలి ఖర్చు మనదే. అన్నింటికన్నా ముఖ్యం, మన బజారులో కట్ పీసుకు వారంటీ కాగితమే రాదు. బిల్లే రాని కొనుగోలులో "పాంచ్ సాల్" అన్న మాటకు సాక్షి ఎవరు?

ఏడాదికి ఎంత పడుతుంది?

ధర చదరపు అడుగు ముప్ఫై, నలభై రూపాయల దగ్గర మొదలై వంద దాటేదాకా ఉంది. 200 చదరపు అడుగుల మిద్దెను ఉదాహరణగా తీసుకుందాం. నలభై అయిదు రూపాయల రకం 9,000 అవుతుంది. మూడేళ్లు వస్తే ఏడాదికి 3,000. తొంభై రూపాయల రకం 18,000. ఏడేళ్లు వస్తే ఏడాదికి 2,570 చిల్లర. పరిచే కూలి రెండుసార్లు ఇవ్వాల్సి రావడం కలుపుకుంటే చౌకదే ఖరీదు. నీడ బాల్కనీలో మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. అక్కడ ఎండ లేదు కాబట్టి మధ్యరకం చాలు, ఎక్కువ పెట్టడం దండగ.

మరి నిజం గడ్డి? అదే 200 చదరపు అడుగుల గడ్డికి వేసవిలో రోజుకు దాదాపు వంద లీటర్ల నీళ్లు కావాలి. జలమండలి నల్లా రోజు విడిచి రోజు వచ్చే ఇళ్లకు, వేసవిలో ట్యాంకర్ కొనే అపార్ట్‌మెంట్లకు ఇది చిన్న మాట కాదు. కృత్రిమ పచ్చిక వైపు జనం మళ్లడానికి ఇదే బలమైన కారణం, దాన్ని తీసిపారేయలేం. కానీ పోలిక పూర్తిగా చేయాలి. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో పొద్దున్నే నడవడానికి వచ్చేవాళ్లు తొక్కే పచ్చికకు ఆయుష్షు ఎంత అని ఎవరూ అడగరు. అది చిరిగిన చోట తనంతట తనే అల్లుకుంటుంది. గరిక మరీ మొండిది. నీళ్లు లేక గోధుమరంగుకు తిరిగినా, తొలకరికి మళ్లీ పచ్చబడుతుంది. వినాయక చవితికి కోసుకోవచ్చు కూడా.

మిద్దె మీద గడ్డి కష్టమనుకుంటే మూడో దారి కూరగాయలు. తెలుగునాట మిద్దెతోట అన్న మాటను ఇంటింటికీ చేర్చినవారిలో రచయిత తుమ్మేటి రఘోత్తమరెడ్డి ముందుంటారు. హైదరాబాద్ శివారు నారపల్లిలో తన ఇంటి మిద్దె మీద ఆయన పండించి చూపించారు. నీళ్లు అక్కడా కావాలి, కానీ ఆ నీళ్లకు బదులుగా ఆకుకూర చేతికొస్తుంది, కింద గది చల్లబడుతుంది. మ్యాటుకు ఈ రెండూ చేతకావు.

పాడయ్యాక ఎక్కడికి?

ఆయుష్షు ప్రశ్నలో చివరి భాగం ఇది. మ్యాటులో రెండు మూడు రకాల ప్లాస్టిక్, వెనక జిగురు, లోపల ఇసుక కలగలిసి ఉంటాయి. వీటిని విడదీయడం కష్టం కాబట్టి పాత సామాన్లవాడు దాన్ని ముట్టుకోడు. ప్లాస్టిక్ ప్యాకింగ్‌ను తిరిగి సేకరించే బాధ్యతను 2022లో కేంద్రం తయారీదారుల మీద పెట్టింది. ఈ మ్యాటు ప్యాకింగ్ కాదు, ఆ లెక్కలోకి రాదు. కాబట్టి అది చెత్త ఆటో ఎక్కి జవహర్‌నగర్ డంపింగ్ యార్డు దారి పడుతుంది. అంతకుముందే రాలిన పొడి వాననీటితో నాలాల్లోకి పోతుంది. మూడేళ్లకో మ్యాటు మార్చే ఇల్లు పదేళ్లలో మూడు మ్యాట్ల చెత్త పోగేస్తుందన్నమాట.

బయటి ప్రపంచం ఈ విషయంలో కదిలింది. బ్రిటన్‌లో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2022లో చెల్సీ ఫ్లవర్ షో సహా తన ప్రదర్శనల్లో కృత్రిమ గడ్డిని నిషేధించింది. ఆటస్థలాల్లో చల్లే ప్లాస్టిక్, రబ్బరు గుళికల అమ్మకాన్ని ఆపేయాలని ఐరోపా సమాఖ్య 2023లో నిర్ణయించి, ఎనిమిదేళ్ల గడువిచ్చింది. కొత్తగా వేసే కృత్రిమ పచ్చిక మీద నిషేధాలు పెట్టుకునే వీలును కాలిఫోర్నియా రాష్ట్రం అదే ఏడాది తన నగరాలకు కల్పించింది. మనకు ఇంకా ఏ నియమమూ లేదు. కొనేవాళ్లే ఆలోచించుకోవాలి.

తేలిందేమిటి?

అన్నీ కలిపి చూస్తే నా తీర్పు ఇది. నీడ బాల్కనీకి కృత్రిమ పచ్చిక మంచి సరుకే, ఎనిమిది, పదేళ్లు నిశ్చింతగా పనిచేస్తుంది. ఎండ మిద్దెకు వేయాలనుకుంటే మంచి రకమే వేయాలి, అప్పుడు కూడా ఏడెనిమిదేళ్లకు మించి ఆశ పెట్టుకోకూడదు, నీళ్ల దారి చూడకుండా అసలు వేయకూడదు. మట్టి ఉండి, రోజుకు నాలుగైదు గంటలు ఎండ పడే వాకిలికి మ్యాటు అక్కర్లేదు, గరిక చాలు. చౌక పది ఎంఎం మ్యాటు పెళ్లికీ నుమాయిష్‌కూ తప్ప ఆరుబయట ఇంటికి పనికిరాదు.

కొనేవాళ్లకు ఒక్క మాట. దుకాణానికి వెళ్లేముందు ఒక ఆదివారం, అదీ ఏప్రిల్, మే నెలల్లో, మీరు పరచబోయే చోట ఎండ ఎన్నింటికి మొదలై ఎన్నింటికి పోతుందో రాసుకోండి. దుకాణంలో మ్యాటును వెనక్కి తిప్పి కుట్లు లెక్కపెట్టండి. దారం పేరు, డీటెక్స్, ఎన్నేళ్ల హామీ అన్నవి బిల్లు మీదే రాయించుకోండి. రాయనన్న దుకాణంలో కొనకండి.